వాగులో గుమ్మడిపాదులు

“నేను లేవను! వాగులోంచి నన్ను లేపాలంటే ఆ ఇసుక తవ్వే యంత్రాలు తెచ్చి లేపమను మీ ఆయన్ని!”

ఎండిన వాగు నడిమధ్యన, గుమ్మడిపాదుల మీద చతికిలబడి అత్తగారు కోడలితో అన్న మాట అది. ఆ ‘ఆయన’ నాలుగడుగుల దూరంలో గట్టు మీదే ఉన్నాడు! తల్లీకొడుకుల మధ్య నిలబడి, ఎవరివైపు చూడాలో తెలియక ఆ కోడలుపిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది…

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే తంతు. కొండ మీది వాగును సొరంగంలోకి మళ్ళించి అవతలి పట్నానికి పంపారు. కొడుకు ఆ సొరంగం గేటు దగ్గరే ఉద్యోగంలో చేరాడు. ఇవతల పచ్చిక బీళ్ళు నెర్రెలిచ్చాయి, బావి అడుగంటింది, మామగారు నాటిన బేరిచెట్లు కాపు మానేశాయి. “వాగు గొంతు నొక్కినవాడితో నాకు మాటల్లేవు!” అని అత్తగారు భీష్మించుకుంది. అన్నం పెట్టడం మానలేదు, మాటే మానింది! “కూర చల్లారిపోతోందని మీ ఆయనకి చెప్పు” అని ఆమె, “ఉప్పెక్కువైందని అమ్మకి చెప్పు” అని అతను… ఒకే బల్ల దగ్గర కూర్చుని! ఉప్పు సంగతి దిగమింగి, మిగతావన్నీ మోసి మోసి కోడలి ప్రాణం విసిగిపోయింది.

ఇసుక కింద ఇంకా కాస్త తడి ఉందని, ఊరు నవ్వినా వినకుండా అత్తగారు వాగులోనే గుమ్మడి పెట్టింది. పాదులు ఏపుగా పాకాయి.

ఇవాళ కొడుకు పరుగున వచ్చాడు. చచ్చిపోయిన బీళ్ళ గురించి, చేపల గురించి అతను పైవాళ్ళ దగ్గర గోల పెట్టగా పెట్టగా, ఏడాది పొడవునా కొంత నీరు వాగుకు వదలమని ఉత్తర్వు వచ్చింది! వాగులో మనుషులెవరూ లేరని కళ్ళారా చూసుకున్నాకే వాగు వైపు గేటు ఎత్తాలి. ఊరంతా తప్పుకుంది. మిగిలింది ఒక్క కన్నతల్లి!

“నీళ్ళొస్తున్నాయని చెప్పు అమ్మకి!”

“నీళ్ళా? ఇసుక తవ్వుకుపోవడానికి నాటకాలని చెప్పు మీ ఆయనకి!”

“చెప్పను!” కోడలు ఒక్క అరుపు అరిచింది. “ఇద్దరికీ నోళ్ళు లేవూ? ఇంక ఒక్క మాట కూడా మోయను! అత్తయ్యా, ఈ వాగు కోసం ఆయన ఎవరెవరి గుమ్మాలెక్కారో మీకు తెలుసా? ఏమండీ, మీ బండి చప్పుడు వినపడేదాకా ఆవిడ మంచమెక్కరని మీకు తెలుసా? నా వల్ల కాదు… మీ చావు మీరు చావండి!” అని గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఎన్నడూ పల్లెత్తు మాట అనని పిల్ల! తల్లీకొడుకులిద్దరూ బిక్కచచ్చిపోయారు. వాగులోంచి సన్నగా వినిపించింది.

“ఒరేయ్…”

కొడుకు ఉలిక్కిపడ్డాడు.

“నీళ్ళు… నిజంగానేరా?”

“నిజంగానేనమ్మా!”

“మరి బొమ్మలా నిలబడ్డావేం గాడిదా! దిగు! కాయలు కొయ్యి!”

ముగ్గురూ పాదుల మీద పడ్డారు. అత్తగారు నోరు మూస్తే ఒట్టు! చిక్కి సగమయ్యావంది, చొక్కా గుండీ ఊడితే చూసుకోవద్దా అంది, రెండేళ్ళ తిట్లు కరువు తీరా తిట్టింది. అతను గుమ్మడికాయను పొట్టకు అదుముకుని, ఏడుస్తూ నవ్వుతూ ఆ తిట్లన్నీ తిన్నాడు. చివరి కాయ గట్టెక్కించి, తల్లిని చేయిపట్టి పైకి లాగి, గేటు దగ్గరికి పరిగెత్తాడు.

ముందు ఎండుటాకులు కదిలాయి. వాటి వెనకే మట్టిరంగు నీరు రాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ, నురగలు కక్కుతూ వచ్చింది! ఖాళీ పాదులను లేపుకుపోయింది. ఆకుల చాటున మరిచిన కాయ ఒకటి తేలిపోతుంటే అత్తగారు చప్పట్లు కొట్టింది.

“పోనీ! కింది ఊరివాళ్ళు వండుకుంటారు!”

సాయంత్రం కొడుకు వచ్చేసరికి వాగు నిలకడగా పారుతోంది. “ఇంతేనా? ఇంకాస్త ఎత్తలేవూ?” అంది తల్లి.

“మిగతావి అవతలివాళ్ళకమ్మా.”

“సరేలే… వాళ్ళూ తాగాలిగా” అంటూ ఆమె కోడలిని దగ్గరికి లాక్కుని, తడిచేతులతో ఆ పిల్ల చెంపలు తుడిచింది. తుడవగానే తన కళ్ళూ నిండాయి.

“ఎంత ఏడిపించానే తల్లీ నిన్ను! ఆ కసురేదో రెండేళ్ళ కిందటే కసరకూడదటే!”