ఖాళీగా ఉండాల్సిన కుర్చీ

"చంపేది ఈరోజే. కోర్టు మెట్ల మీద," అంటూ చీఫ్ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు.

దేశంలోకెల్లా పెద్ద కోర్టు. అందులో తొమ్మిదిమంది జడ్జిలు. ఆ తొమ్మిదిమందిలో ఒకే ఒక్క ఆడమనిషి ఫోటో అది. తెల్లటి జుట్టు, కొడవలి మొనలాంటి ముక్కు.

తూనీగ ఫోటో వైపు కంటే చీఫ్ మొహం వైపే ఎక్కువ చూశాడు. తూనీగ అన్నది కోడ్‌నేమ్. చీఫ్ అతనికి స్వయానా మేనమామ. తండ్రి పోయాక చేరదీసి, చదివించి, పిస్టల్ పట్టడం నేర్పినవాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి సింహస్వప్నం, ఇతనికి మామయ్య.

"ఓడరేవుని విదేశానికి రాసిచ్చిన సర్కారు ఆర్డరు మీద ఈరోజు తీర్పు. ఈవిడ ఎదురు తిరుగుతుందని విదేశీ ముఠాకి అనుమానం. ముఠాలో ఉన్న మన నెమలి కబురు పంపింది. నువ్వు డ్రైవర్ వేషంలో వెళ్ళి ఆవిణ్ణి కొండ మీద సేఫ్ హౌస్‌కి చేర్చు. కార్లో జామర్ పెట్టించాను, ఎవరి ఫోనూ పలకదు. సాయంత్రం దాకా గడప దాటనివ్వకు."

"అలాగే మామయ్యా."

"జాగ్రత్తరా. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మలేను." మామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అవసరానికి మించి కాసేపు అక్కడే ఉండిపోయింది.

ఊరు దాటింది కారు. వెనక సీట్లో జడ్జిగారు కమలాపండు ఒలుస్తోంది.

"డ్రైవరూ, అద్దంలో రోడ్డు కంటే నన్నే ఎక్కువ చూస్తున్నావు. పోలీసువా?"

"అంతకంటే చెడ్డవాణ్ణండి."

"మంచిది. నన్ను చంపబోతున్నారని పొద్దున మీవాళ్ళ ఫోనొచ్చింది. అయితే చెప్పు, నేను చస్తే ఎవరికి లాభం?"

"ముఠాకండి."

"ఎలాగయ్యా? నేను చస్తే నా చోట ఇంకో జడ్జిని వేసి కేసు మొదటినుంచి వినాలి. అప్పటిదాకా ఓడరేవు కదలదు. అదే బతికుండి రాలేదనుకో, మిగతా ఎనిమిదిమందీ తీర్పు చెప్పేస్తారు. నలుగురు అటు, నలుగురు ఇటు. ఎవర్ని ఏ సర్కారు వేసిందో వీధిలో పాలవాణ్ణడిగినా చెప్తాడు. సరిసమానం అయితే సర్కారు ఆర్డరే నిలుస్తుంది." ఒక తొన నోట్లో వేసుకుంది. "చంపేవాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. మాయం చేసేవాడు మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఎదురుగానే ఉన్నాడు."

తూనీగ కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచింది.

మలుపులో ఎర్రకారు ఒకటి వెనకనుంచి దూసుకొచ్చి అడ్డంగా ఆగింది. అందులోంచి నల్లకళ్ళద్దాలు, పట్టు కోటు, పొడుగు మడమల చెప్పులు దిగాయి. నెమలి! రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఆమె నవ్వు ఎవరి పక్షమో ఆ నవ్వుకే తెలియదు.

"నీలిమబ్బు," అని సంకేతం చెప్పాడు తూనీగ, పిస్టల్ గురిపెట్టి.

"ఎండవాన," అందామె. "కోర్టు అటైతే ఇటెక్కడికి నాయనా?"

"కిల్లర్ ఉన్నాడని నువ్వేగా కబురు పంపావు!"

"కిల్లరా? 'జడ్జిని కోర్టుకి రానివ్వరు, అందుకు మన డిపార్ట్‌మెంట్‌లోనే ఒకణ్ణి కొనేశారు' అని పంపాను. అదీ మీ చీఫ్‌కే." కళ్ళద్దాలు తీసి ఎగాదిగా చూసింది. "ఓరి దేవుడా, ఆ ఒకడివి నువ్వేనా?"

"నేను కాదు. నన్ను పెంచినవాడు."

తూనీగ మళ్ళీ స్టీరింగ్ పట్టాడు. కారు వెనక్కి తిరిగింది.

జడ్జిల గేటు దగ్గర మామయ్య మనుషులు కాపు కాస్తున్నారు. నెమలి తన పట్టు కోటు, కళ్ళద్దాలు, లిప్‌స్టిక్ జడ్జిగారికి అప్పగించింది.

"ఈ రంగు నాకు నప్పుతుందంటావా?"

"నాకంటే బాగా నప్పిందండి. నాకు కాస్త కుళ్ళుగా ఉంది."

సందర్శకుల గేటు దగ్గర, రోజూ ఆవిడకి సెల్యూట్ కొట్టే గార్డే బ్యాగు తెరవమని గదమాయించాడు. కోర్టు హాలు తలుపులు మూయబోతున్నారు. లోపల ఎనిమిది కుర్చీలు నిండాయి. తలుపు ముందు మామయ్య.

కళ్ళద్దాలు ఆయన్ని ఒక్క క్షణమే మోసం చేశాయి. ఆ ఒక్క క్షణంలో తూనీగ మధ్యకి వచ్చాడు. మామయ్య కోటు జేబులోని పిస్టల్ మొన అతని డొక్కలో దిగబడింది.

"తప్పుకోరా. పైనుంచి వచ్చిన మాట ఇది. లోపల ఆ నల్లగౌన్లు చేసేది మాత్రం రాజకీయం కాదా?"

"నలుగురి ముందు కూర్చుని చేస్తున్నారు మామయ్యా, తమ పేరు పెట్టి మరీ. సరే, డిపార్ట్‌మెంట్‌లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పంపావు?"

మామయ్య కళ్ళు దించుకున్నాడు. "మిగతావాళ్ళయితే ప్రశ్నలడుగుతారు."

పిస్టల్ పేలినా అంత నొప్పి ఉండేది కాదు. తూనీగ కదల్లేదు. అతని వెనకనుంచి పట్టు కోటు లోపలికి దూరింది.

"మా సోదరి న్యాయమూర్తి అనారోగ్యం వల్ల రాలేకపోయారు కనుక..." అని ప్రధాన న్యాయమూర్తి మొదలెట్టాడు.

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను," అంటూ ఎర్రటి పెదవులతో జడ్జిగారు వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఆర్డరు కొట్టేశారు.

సాయంత్రానికి సర్కారు ప్రకటన వచ్చింది: జడ్జిని మాయం చేయబోయిన విదేశీ ముఠా కుట్రని డిపార్ట్‌మెంట్ భగ్నం చేసింది. చీఫ్‌కి మెడల్. నెమలి మాయమైంది. మెడల్ పెట్టడానికి మామయ్య మేనల్లుణ్ణే పిలిపించుకున్నాడు.

"గట్టిగా పెట్టరా, జారిపోతోంది."

గట్టిగానే పెట్టాడు.

"అబ్బా! గుచ్చుకుందిరా!"

"సారీ సర్," అన్నాడు తూనీగ.