ఎలుకల గదిలో సాక్షి

వంతెన మీద అన్నయ్యను కాల్చినవాడు పారిపోయే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో ఎదురుగా వచ్చిన బస్సు లైట్లు వాడి మొహం మీద పడ్డాయి. ఆ మొహాన్ని చూసి బతికున్నవాడు ఈ భూమ్మీద తాబేలు ఒక్కడే.

అన్నదమ్ములిద్దరూ సీక్రెట్ ఏజెంట్లే. అన్నయ్య పోయి మూడేళ్లయింది గానీ తాబేలు కంటి మీద కునుకు లేదు. రెప్ప వాలిస్తే చాలు, అన్నయ్య అతని ఒళ్లో తల పెట్టుకుని, "ఒరేయ్, వాడి మొహం చూశావుగా, మర్చిపోకురా," అంటాడు. మర్చిపోవడం కూడానా? పళ్లు తోముకుంటున్నా అదే మొహం, చొక్కా తొడుక్కుంటున్నా అదే మొహం.

కాల్చిన విదేశీ ముఠా ఒక న్యూరోసైన్స్ ల్యాబ్‌లోని మందు మీద కన్నేసిందని తెలిసి, ఆఫీసు అతణ్ని అక్కడ రీసెర్చ్ స్టూడెంట్‌గా దింపింది. మూడేళ్లయినా థీసిస్ మూడో పేజీ దాటకపోయేసరికి తోటివాళ్లు తాబేలని పేరు పెట్టారు. గూఢచారికి అంతకన్నా మంచి వేషం దొరకదు. పీహెచ్‌డీ ఎప్పుడు పూర్తవుతుందని అడిగే పాపం శత్రువు కూడా కట్టుకోడు.

ల్యాబ్‌లో పని ఇదీ. ఎలుకకు బీప్ వినిపించి పాదాలకు చిన్న షాకిస్తారు. మర్నాడు ఒట్టి బీప్ విన్నా షాకు గుర్తొచ్చి అది కొయ్యబారిపోతుంది. సరిగ్గా ఆ గుర్తొచ్చిన వేళ ఒంట్లో మందు ఉంటే, ఆ జ్ఞాపకం అరగంటలో మసకబారి రెండు గంటల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని బీపులు కొట్టినా ఎలుక మీసాలు దువ్వుకుంటూ కూర్చుంటుంది. తలుచుకోని జ్ఞాపకాన్ని మాత్రం మందు ముట్టుకోదు.

ఆ రోజు పొద్దున్నే చీఫ్ ఫోన్ చేశాడు.

"ముఠా నాయకుడు దొరికాడు. మీ అన్నయ్యను కాల్చింది వాడేనని మన అనుమానం. నువ్వొచ్చి గుర్తుపట్టకపోతే పన్నెండింటికి కోర్టు వదిలేస్తుంది."

"ఇప్పుడే వస్తున్నా సార్."

"ఒంటరిగా వద్దు. మన డాక్టరమ్మ తీసుకొస్తుంది."

డాక్టరమ్మ ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాక్, ఆఫీసు పెట్టిన రెండో ఏజెంట్. మరకల కోటు వేసుకున్నా కారిడార్‌లో వెళ్లేవాళ్లు ఆగి మళ్లీ చూసేంత అందగత్తె. ఆమె అంటే తాబేలుకు ప్రాణం. నిద్రపట్టని సంగతి ఆమెకొక్కదానికే చెప్పుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ఆమె రెండు కాఫీలతో ఎలుకల గదిలోకి వచ్చింది.

"మేత వేశావా?" రూలు ప్రకారం కోడ్ అడిగాడు.

"ఆకలి లేదంటున్నాయి," అని నవ్వింది.

సగం కాఫీ తాగాక తలుపు గడియ పడింది. ఆమె చేతిలో చిన్న పిస్టల్ ఉంది. తాబేలు వేళ్లు జేబులోని పెన్ను వైపు వెళ్లాయి.

"అందులో ట్రాన్స్‌మిటర్ నిన్ననే తీసేశాను. కూర్చో."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

"కాఫీలో మందు కలిపావా?"

"నీ బరువుకు సరిపడా."

"కాల్చెయ్యొచ్చుగా."

"చస్తే నువ్వు అప్పట్లో ఇచ్చిన వాంగ్మూలం చదువుతారు. బతికి వచ్చి 'వీడెవడో నాకు తెలీదు' అంటే కేసు అక్కడితో సరి." ఆమె గొంతు తగ్గించింది. "నీకూ మంచిదే కదా. ఎన్నాళ్లని ఇలా జాగారం చేస్తావు? ఒక్కసారి తలుచుకో. ఇక మీ అన్నయ్య రాడు. హాయిగా పడుకుంటావు."

ఆ మాటకు తాబేలు మనసు అటు లాగింది. మూడేళ్లుగా అతను కోరుకుంటున్నది అదే. ఊ అంటే చాలు, ఈ రాత్రి నుంచే నిద్ర.

ఆమె స్పీకర్ నొక్కింది. బీప్ రాలేదు. అన్నయ్య చివరి వైర్‌లెస్ మెసేజ్ వచ్చింది. "వంతెన దగ్గరున్నాను, త్వరగా రారా."

కళ్ల ముందు వంతెన మొదటి దీపస్తంభం లేచింది. తాబేలు తల ఎత్తి ఆమెను చూశాడు. అన్నయ్య గొంతుకు అడ్డం పడగలిగేది అతని దగ్గర ఒక్కటే ఉంది. ఎలుక కరిచిన ఆమె వేలికి కట్టు కట్టిన రోజును బయటికి తీశాడు. వానకు బస్‌స్టాప్‌లో ఇరుక్కుపోయి ఆమె అతని భుజం మీద నిద్రపోయిన సాయంత్రాన్ని తీశాడు. డేటా అంతా పోయిన రోజు ఇద్దరూ నేల మీద కూలబడి పిచ్చివాళ్లలా నవ్వడాన్ని తీశాడు. ఏది తీస్తే అది పోతుందని తెలిసే, ఒక్కటీ మిగల్చకుండా తీశాడు. పైకి మాత్రం వంతెన గురించి ఏవేవో కల్పించి చెబుతూ ఏడ్చాడు. ఏడుపు నిజమే.

నలభై నిమిషాలయ్యాక ఆమె అడిగింది. "వంతెన మీద ఎవణ్ని చూశావు?"

"ఏ వంతెన?"

ఆమె తన రుమాలుతో అతని కళ్లు తుడిచింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. పిస్టల్ జేబులో పెట్టుకుని, కారు తీసి, తనే దగ్గరుండి కోర్టుకు తీసుకెళ్లింది.

పన్నెండింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. విడుదల కాగితం మీద మేజిస్ట్రేట్ పెన్ను ఆనింది. బోనులో ముఠా నాయకుడు టై సర్దుకుంటున్నాడు.

"వీడే," అన్నాడు తాబేలు. "బస్సు లైట్లో చూశాను. కాల్చి వెనక్కి తిరిగాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది."

పెన్ను ఆగిపోయింది.

తాబేలు పక్కనే ఉన్న ఆమెను చూశాడు. పొద్దుటి కాఫీ, పిస్టల్ ఇంకా గుర్తున్నాయి. ఆమె గురించి అంతకు ముందు ఏముందో చూడబోతే అంతా తెల్లగా ఉంది.

"ఈవిడ పొద్దున నాకు మందు పెట్టారు. పట్టుకోండి."

పోలీసులు చేతులు పట్టుకున్నప్పుడు కూడా ఆమె వాళ్లను చూడలేదు.

"అంతసేపూ నన్ను తలుచుకున్నావా?"

తాబేలు ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు.

"మనకి ముందు పరిచయం ఉందాండీ?"

ఆమె తనే పోలీసుల ముందు నడిచింది.

సాయంత్రం చీఫ్ ఒక ఫొటో టేబుల్ మీద పెట్టాడు. అందులో తాబేలు పగలబడి నవ్వుతున్నాడు, పొద్దుటి ఆవిడ పక్కన.

"నేనింతలా ఎప్పుడు నవ్వాను సార్?"

"అంతా రిపోర్టులో ఉంది. చదువుతావా?"

తాబేలు ఫొటోను బోర్లా పెట్టాడు.

"వద్దు సార్. మా అన్నయ్య ఒక్కడే నన్ను తెల్లవార్లూ పడుకోనివ్వడు. ఇంకొకరు తోడైతే నావల్ల కాదు."