బాయి ఆఫీసులో నల్ల తీగ

పాత బొగ్గు బాయి మూతపడి ఏడాది దాటింది. బొగ్గు లారీలు తిరగడం మానేసిన తొవ్వ మీద తుమ్మలు మొలిచాయి. ఆ తుమ్మలు దాటితే రేకుల కప్పు ఆఫీసు. దాని ముందు పొడుగాటి వరండా. ఈ కొసన ప్రింటరు గది, ఆ కొసన గుమాస్తా అనసూర్య గది. నడుమ గదులన్నిటికీ తాళాలే. గోదావరిఖనిలో షేరు ఆటో ఎక్కి "పాత బాయి కాడ ఆపు" అంటే, "ఆడ ఎవలున్నరు కాకా?" అని నవ్వేవాళ్లు. అట్లా నవ్వినవాళ్ల ఆటోను నర్సింగం మళ్లీ ఎక్కేవాడు కాదు. కాలు నొచ్చినా నడిచే వచ్చేవాడు గాని ఎక్కేవాడు కాదు.

నర్సింగం ఇప్పుడు ప్రింటరు దగ్గర కూర్చునే మనిషి. అంతకు ముందు బాయి మూతి కాడ బ్యాంక్స్‌మన్. మనుషులను దించే, ఎక్కించే ఇనుప బోను అతని గంట లేనిదే కదిలేది కాదు. కిందివాళ్లు మూడు గంటలు కొడితే మనుషులం పైకి వస్తామని. పైన అతను విని, తిరిగి మూడు కొట్టాలి. అప్పుడే వాళ్లు బోనెక్కేది. ఎక్కి ఒక గంట కొడితే బోను లేస్తుంది. లేస్తున్న బోనుకు ఒక గంట పడితే ఆగుతుంది. ఆగినదానికి ఒకటి పడితే మళ్లీ లేస్తుంది. ఎంత పెద్ద దొరైనా సరే, తిరుగు గంట పడనిదే అందులో కాలు పెట్టకూడదు. ఒకసారి ఒక సారు తొందరపడి ఎక్కితే నర్సింగం అందరి ముందరా దింపించాడు.

"గంటకు గంట చెప్పాలె సారూ. పిలిచినోనికి పలకాలె. గది బాయి మర్యాద" అన్నాడు.

ఆ సారు బదిలీ అయిపోయినా నర్సింగం మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ప్రింటరు గది సంతలాగుండేది. ఎవరికి కాగితం కావాలన్నా ఫ్లాపీ పట్టుకుని ఇక్కడికే రావాలి. వచ్చినవాళ్లు ఊరికే పోతారా? స్టూలు మీద కూర్చుంటారు. కుండలో నీళ్లు తాగుతారు. ఆదివారం డ్యూటీ ఎవరికి పడ్డది, ఎవరి కొడుకు ఎవరి బిడ్డను తీసుకుపోయాడు, అన్నీ అక్కడే తేలేవి. భార్య పోయాక నర్సింగానికి క్వార్టర్లో పలకరించే దిక్కు లేదు. ఇంటి కరువు ఈ గదిలో తీరేది.

ఆ తర్వాత మార్కండేయ కాలనీలో దుకాణం పెట్టుకున్న ఖైజర్ అనే పిల్లగాడొచ్చి, గది నుంచి గదికి నీలం తీగలు గుంజాడు. తీగల కొసలన్నీ తెచ్చి ప్రింటరు గదిలో ఒక చిన్న డబ్బాకు గుచ్చాడు. ఇక ఎవరి గదిలో వాళ్లు కూర్చుని మీట నొక్కితే ఇక్కడ కాగితం వస్తుంది. ఒకరి ఫైలు ఇంకొకరు తమ గదిలోనుంచే తెరిచి చూసుకోవచ్చు.

"ఇగ మీ గదికి ఎవలూ రావాల్సిన పని లేదు కాకా. ఆరామ్‌గా కూసోన్రి" అన్నాడు ఖైజర్, ఏదో వరమిచ్చినట్టు.

నర్సింగం ఆ మాటను కడుపులో పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఖైజర్ చాయ్ తాగుదామంటే, "నాకు పడది" అనేవాడు.

అనసూర్య ఒక్కతే వేరు. ఆమె భర్త జైపాల్ ఆ బాయిలోనే పైకప్పు మీద కూలి చనిపోయాడు. మట్టి చేయడానికి శవం కూడా దక్కలేదు. కూలిన చోటు దాకా ఎవరూ పోలేకపోయారు, నడుమ గోడ కట్టేశారు. ఆయన కొలువు ఆమెకొచ్చింది. తీగలు పడ్డాక కూడా ఆమె వరండా ఆ కొస నుంచి గట్టిగా పిలిచేది. ఆ పిలుపు కోసం నర్సింగం చెవి ఒకటి ఎప్పుడూ అటే ఉండేది.

ఆనాడు ఆషాఢం ముసురు. మరునాడు ఆఫీసు ఎత్తేస్తున్నారు. మేనేజరు సారు, ఆయన కంప్యూటరు, బీరువాలు ముందురోజే లారీలో పోయాయి. అనసూర్యకు రామగుండం వైపు కొత్త ఆఫీసు. నర్సింగానికి తుక్కు గోదాము కావలి. మిగిలిన ఫైళ్లు ప్రింటు తీసి కట్టలు కడితే వాళ్ల పని ముగుస్తుంది. రేపటి నుంచి "కాకా" అని పిలిచే గొంతు ఉండదు.

"కాకా! వచ్చినయా?"

"వస్తన్నయ్! నీ మిషను నా మీద పగవట్టినట్టు కక్కుతున్నదే బిడ్డా!"

"కాగితాలున్నయా, ఒడిసినయా?"

"ఒడిసినయ్. దేవులాడుతున్న. జరంత ఆగు!"

అది అబద్ధం. కొత్త కట్ట అతని కాళ్ల కిందే ఉంది, గోనెసంచి కప్పి. మధ్యాహ్నం నుంచి రెండు మూడుసార్లు అట్లా ఆపాడు. ఆగినప్పుడల్లా ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుని, ఇన్ని మాటలు చెప్పి పోయేది. మధ్యాహ్నమే ఇల్లు చేరాల్సిన మనిషి దీపాలు పెట్టే యాళ్లకు కూడా అక్కడే ఉంది.

చివరికి కట్ట తీసి ప్రింటరుకు పెట్టాడు. మిగిలినవి గబగబా వచ్చేశాయి. మిషను ఊరుకుంది.

బయట మబ్బు కిందికి దిగింది. రేకుల మీద వాన ఒకటే సన్నటి చప్పుడు. గదిలో బల్బు పచ్చగా, నీరసంగా వెలుగుతోంది.

మిషను కదిలింది.

ఒక కాగితం. ఇంకొకటి. ఇంకొకటి. ఆగింది.

నర్సింగం తీసి చూశాడు. ఏమీ లేదు. తెల్ల కాగితాలు. మిషనులోంచి వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగలాలి. ఇవి చల్లగా ఉన్నాయి. అంచులు తడిగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నానిన దుంగల వాసన... తడి ఇసుక... మనుషులు చాలాసేపు పీల్చి వదిలిన పాత గాలి... ఆ వాసన అతనికి తెలుసు.

మళ్లీ మూడు వచ్చాయి. ఆగింది.

అతను వరండా దాటి ఆమె గదికి పోయాడు.

"ఏం పంపుతున్నవే తల్లీ? ఉత్త కాగితాలొస్తున్నయి."

"నేనేం పంపుతలే కాకా. సంచి సదురుకుంటున్న. ఫ్యాను గాలికి ఎగిరిపడ్డయేమో."

"ఫ్యాను నిన్ననే ఇప్పుకపోయిన్రు."

అనసూర్య నవ్వి, కంప్యూటరు ముందుకు వంగింది. ఆ తెర మీద, తీగకు తగిలించిన మిషన్లన్నీ చిన్న చిన్న బొమ్మలుగా కనబడతాయి. అందరూ వాడుకునే ప్రింటరు బొమ్మ కింద ఒక చెయ్యి ఉంటుంది, అరచేత పట్టుకుని ఇస్తున్నట్టు. ఆ చెయ్యి ఎవరిదని నర్సింగం ఇదివరకే అడిగాడు. "అందరిదీ కాకా, షేరింగ్ అంటె గదే" అని ఆమె నవ్వింది.

ఇప్పుడు నవ్వలేదు.

"నాదొకటి. నీ గదిలదొకటి. ఇంకోటెవలిది కాకా?"

"సారుది కావచ్చు."

"సారుది లారీల పోలేదా? దీనికి పేరు గూడ లేదు."

బల్ల మీది ఫోను కనెక్షన్ ఇంకా తీసేయలేదు. అనసూర్య ఖైజర్‌కు కలిపి నర్సింగానికి ఇచ్చింది. పగ పక్కన పెట్టి అతను మాట్లాడాడు.

"డబ్బాల వైర్లు చూసి వచ్చిన్రా కాకా? ఎన్నున్నయి?"

"పొద్దుగాల తుడిచిన. మీ నీలం తీగలు రెండు. ఇంకో నల్లది."

అటువైపు ఖైజర్ గొంతు తగ్గించాడు.

"కాకా... నల్లది నేను గుంజలే. నా దుకాణంల నల్ల వైరే లేదు. దాన్ని ముట్టుకో—"

ఫోను మూగపోయింది. పీకమంటున్నాడో, వద్దంటున్నాడో తెలియలేదు.

నర్సింగం గదికి తిరిగొచ్చి నల్ల తీగను వేలితో వెంబడించాడు. బల్ల వెనక నుంచి గోడ మూలకు పోయింది. అక్కడ ఒక ఇనుప గొట్టం ఉంది. బాయి నడిచినప్పుడు లోపలి ఫోనుకు తీగ దాంట్లోంచే కిందికి పోయేది. బాయి మూసిననాడు ఆ గొట్టంలో తనే స్వయంగా గుడ్డలు కుక్కాడు. గుడ్డలు ఇప్పుడు నేల మీద ఉన్నాయి. తీగ గొట్టంలోకి దిగింది.

చెయ్యి వేశాడు. తీగ బిగుసుకుని ఉంది. గాలానికి చేప పడ్డట్టు... సన్నగా... వణుకుతోంది.

అతను డబ్బాలోంచి దాన్ని పీకేశాడు. పీకి, దూరంగా విసిరేశాడు.

అప్పుడు మిషను కదిలింది.

ఒకటి.

రెండు.

మూడు.

నర్సింగం వద్దనుకోలేదు, కావాలనుకోలేదు. ముప్పై ఏళ్లు గంట కొట్టిన చెయ్యి. మనసు చెప్పేలోపే అది లేచింది. పిడికిలితో బల్ల మీద... టక్. టక్. టక్.

కొట్టాక తెలిసింది, ఏం చేశాడో. వస్తామన్నవాళ్లను రమ్మన్నాడు.

మిషను ఒకే ఒక్క కాగితం తోసింది.

నేల అదిరింది. లోతులో ఎక్కడో తాడు బిగిసిన చప్పుడు. బోనును లాగే ఇంజను తుక్కు కింద అమ్మేశారు. తాడు కోసేశారు. బాయి మూతికి మూరెడు మందం సిమెంటు పలక పోశారు. అయినా ఆ చప్పుడు అదే... కిర్రుమని, ఆగకుండా, పైపైకి...

"కాకా."

గుమ్మంలో అనసూర్య నిలబడి ఉంది. సంచి భుజాన ఉంది. ముఖం కడుక్కున్నట్టు మెరుస్తోంది.

"మూడు కొట్టినవ్ కదా? మనుషులొస్తున్నరని కదా?"

"అలవాటు తల్లీ... చెయ్యి తప్పింది. నువ్వు పో. జల్ది పో. రోడ్డు మీద ఆటో దొరుకుతది."

"ఆయనొస్తుండు కాకా."

"ఆయన్నే అని ఎవలు చెప్పిన్రు బిడ్డా? నాయిన కాలం నాటి బాయి ఇది. లోపల ఎందరున్నరో..."

ఆమె వినడం లేదు. చెవి నేల చప్పుడు మీదే ఉంది. చప్పుడు దగ్గరికొచ్చింది. కుండలో నీళ్లు వణికాయి. బోను పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందో అతని ఒంటికే తెలుసు. ఇంకాసేపట్లో...

నర్సింగం పిడికిలి ఎత్తి బల్ల మీద ఒక్కటి కొట్టాడు.

టక్.

చప్పుడు ఆగిపోయింది. వాన కూడా ఆగినట్టనిపించింది. నేల కింద, చాలా దగ్గరలో, ఏదో ఊగుతూ నిలబడింది.

"ఎందుకు ఆపినవ్?" గుసగుసగా అడిగింది అనసూర్య.

"నీ మంచికే తల్లీ..."

"కాళ్ల కింద కాగితాలు వెట్టుకోని ఒడిసినయన్నవ్. నేను చూడలేదా? చూసి గూడ వచ్చి కూసున్న. ఎందుకు? మనిషి పలకని ఇల్లు ఎట్లుంటదో నాకెరుకే కాబట్టి." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది. "నీకెరుకలేదా కాకా?"

నర్సింగం కింద పడున్న గోనెసంచి వైపు చూశాడు.

ఆమె వచ్చి బల్ల పక్కన నిలబడింది. తనూ పిడికిలి ఎత్తింది. గంటల లెక్క బాయి మీద బతికిన ఏ ఇంట్లో తెలియదు?

"అనసూర్యా... వద్దు..."

టక్.

తాడు బిగిసింది.

నర్సింగం గోడ మూలకు పోయి, ముఖం గోడకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. చప్పుడు లేచింది... లేచింది... ఆగింది. ఇనుప గడియ తీసినట్టు వినిపించింది. వరండా మీద ఆమె చెప్పుల చప్పుడు వానలోకి పోయింది. బాయి మూతి వైపు.

అతను పిలవలేదు. పిలిస్తే ఎవరు పలుకుతారో అని.

తెల్లారి లారీవాళ్లు వచ్చి లేపేదాకా ఆ మూలనే ఉన్నాడు. సిమెంటు పలక చెక్కు చెదరకుండా ఉంది. ప్రింటరు లారీ ఎక్కింది. అనసూర్య కొత్త ఆఫీసులో వేళకే డ్యూటీలో చేరిందని లారీ డ్రైవరే చెప్పాడు.

తుక్కు గోదాములో నర్సింగం రోజులు గడిచాయి. మాట్లాడే మనిషి లేడు. ఆమె ఒక్కసారైనా వస్తుందని చూశాడు. రాలేదు. మొదటిసారి అతను ఎవరి మీదా పగ పట్టలేకపోయాడు.

దసరా ముందు ఒక సాయంత్రం చౌరస్తాలో షేరు ఆటో ఎక్కాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఇనుప కడ్డీ పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారు. లోపల సీటు మీద అనసూర్య. తల నిండా కనకాంబరాలు. ఆమె పక్కన ఒక మనిషి కూర్చునేంత జాగా ఖాళీ. అంతమంది ఒకరి మీద ఒకరు పడుతున్నారు గాని ఒక్కరూ అటు జరగడం లేదు. ఎందుకు జరగడం లేదో వాళ్లకూ తెలిసినట్టు లేదు.

"బాగున్నవా బిడ్డా?" అంటూ నర్సింగం అటు వంగాడు.

"బాగున్న కాకా. ఆడ కూసోకు" అంది ఆమె మెల్లగా, మర్యాదగా. "ఆయనకు ఇరుకైతది."

ఆ ఖాళీ వైపు తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆమె జుట్టు గాలిలో దేనికో ఆనుకుని నిలిచింది.

ఆటో కుదిపింది. నర్సింగం పడిపోకుండా కడ్డీ పట్టుకుని పైకి చూశాడు. జైపాల్ పొట్టి మనిషి. బోనులోకి వంగకుండా నడిచిపోయేవాడు, అందుకని తోటివాళ్లు ఆట పట్టించేవారు.

ఆ ఖాళీ జాగాకు సరిగ్గా పైన, ఆటో టాపు రెగ్జిను, లోపల నుంచి ఒక తల గట్టిగా నెట్టినట్టు, పైకి ఉబ్బి ఉంది.