వరస కుదిరింది

“మీ అమ్మ ఫోన్ చేసింది. రేపు బిర్సానగర్‌లో నీకు పెళ్లిచూపులట. కారు నన్నే తెమ్మంది.”

అగ్రికో మార్కెట్లో టీకొట్టు రేకు కింద, వానకి తడవని చోటు ఒక్కరికే ఉంది. అందులో ఇద్దరూ సర్దుకుని నిలబడ్డారు.

“నువ్వేమన్నావు?” అన్నాడు సాయిచంద్.

“ఏసీ వెయ్యాలా అని అడిగాను.” టాక్సీ నడిపే జయప్రకాష్ ఎంత కోపంలోనైనా వెటకారం మానడు. కానీ ఈసారి నవ్వలేదు. “నాలుగేళ్లురా. రేపు పదింటికి వస్తాను. ఈలోగా మన సంగతి చెప్పావా, సరే. చెప్పలేదా, నిన్ను పెళ్లికూతురింటి గుమ్మంలో దింపేసి అటునుంచటే పోతాను. మళ్లీ కనపడను.”

ఉక్కు ప్లాంట్‌లో సాయిచంద్ క్రేన్ నడుపుతాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెని వెంట్రుకవాసి తేడా లేకుండా దించుతాడు. నోట్లో ఉన్న ఒక్క మాట మాత్రం నాలుగేళ్లుగా దించలేకపోయాడు.

మర్నాడు ఉదయం సోనారిలోని సాయిచంద్ ఇంట్లో ఉన్నది తల్లీకొడుకులిద్దరే. కస్తూరమ్మ కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“మా, ఏక్ బాత్ బోల్నీ హై,” ఒక మాట చెప్పాలంటూ మొదలుపెట్టాడు సాయిచంద్.

“తెలుగులో ఏడు. హిందీ ఎత్తేవంటే అబద్ధమే.”

నిజమే. వాడు ఇంట్లో అబద్ధాలన్నీ హిందీలోనే ఆడాడు.

“పెళ్లిచూపులొద్దమ్మా. నాకు జయప్రకాష్ అంటే ఇష్టం. దోస్తీ ఒకటే కాదు. కలిసి కాపరం సేసేటంత ఇష్టం.”

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. కమురు వాసన వచ్చాకగానీ ఆమె దాన్ని ఎత్తలేదు.

“ఈ సంగతి ఆ గుంటడికి తెలుసా?”

సాయిచంద్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “తెలుసమ్మా. వాడికీ అంతే.”

కస్తూరమ్మ కూలబడింది. కమిలిన చొక్కా ఒళ్లోకి లాక్కుంది. “సరిగ్గా తినవు, పలకవు. ఉజ్జోగం పోనాదో, ఏ మాయరోగమో అని నాను కునుకు తీసి నాలుగు నెలలయ్యింది. ఇదా? ఇది నా బుర్రకెక్కడానికి ఇంకా టైం పడతాది. గానీ ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కొయ్యకముందే సెప్పావు. అది సాలు.”

ఫోన్ అందుకుని, మేం రావటం లేదని బిర్సానగర్ వాళ్లకి తనే చెప్పేసింది.

పదింటికి గుమ్మం ముందు కారు ఆగింది. జయప్రకాష్ తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. సాయిచంద్ వైపు చూడకుండా, “పిన్నీ, బయల్దేరదామా?” అన్నాడు.

“పిన్నేటి?” కస్తూరమ్మ కళ్లు ఎర్రగానే ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిదే. “నాను నీకు పిన్నినైతే మీరిద్దరూ అన్నదమ్ములవుతారు. అదేం వరసరా? అత్తా అను.”

జయప్రకాష్ అప్పుడు చూశాడు సాయిచంద్ వైపు. వాడు తలూపాడు.

“అత్తా...” అన్నాడు మెల్లిగా.

“ఊఁ,” అంది కస్తూరమ్మ. “మల్లీ ఒకపాలి అను. నాకూ అలవాటవ్వాల గదా.”