అరవై శాతం శని

ఆ రోజు ఉదయం నుంచి బసవరాజు ఒక కొండను, రెండు ముఖాలను, ఒక పెళ్లి పందిరిని సరిచేశాడు. కొండ తేలికగా అయిపోయింది. క్వారీ వాళ్లు దాని తూర్పు భుజాన్ని తవ్వేశారు. ఎవరో తీసిన ఫొటోలో ఆ భుజం కనిపించలేదు. కెమెరాలో బొమ్మను ఖాయమైన రూపానికి దిద్దే సవరణి వదులైంది. బిగించాడు, భుజం తిరిగొచ్చింది. ముఖాల దగ్గర అరగంట పట్టింది. మనుషులు తమ ముఖం విషయంలో మాత్రం కొంచెం వాదిస్తారు. పందిరి దగ్గర భోజనం పెట్టారు.

ప్రతి పని చివరా మణికట్టు మీది పలకలో సమ్మతి నూరు శాతం అని పడేది. నూరు పడ్డాక అతను ఆ వస్తువును ఒకసారి కళ్లతో చూసేవాడు. ఆ క్రమం తలకిందులుగా ఉందని అతనికి ఎప్పుడో ఒకప్పుడు తెలిసే ఉండాలి. పరిశీలకుడిగా పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ తెలియడం కూడా అరిగిపోయింది.

సాయంత్రం ఐదున్నరకు పలక చివరి పని చూపించింది.

ఓబులమ్మ. యాభై ఎనిమిదేళ్లు. జీన్స్ ఫ్యాక్టరీలో మాజీ చెకర్. రాయదుర్గం శివారు. వస్తువు: శని గ్రహం. సమ్మతి: పదకొండు శాతం. మూడోసారి.

మూడోసారికి రెండే దారులు. కెమెరాకు సవరణి బిగించి టెలిస్కోపును వదిలేయడం ఒకటి. ఒప్పుకోకపోతే, సంచిలో ఉన్న వజ్రపు మొన కలంతో టెలిస్కోపు అద్దమంతా గళ్లు పడేలా అడ్డంగా, నిలువుగా గీయడం. ఆ గీతలు పడ్డాక ఆ అద్దంలో చుక్క కూడా నిలవదు.

అతను వెళ్లేసరికి ఆమె పెరట్లో నేల తడుపుతోంది. బోరుకు దింపే లావుపాటి ప్లాస్టిక్ పైపు ఒకటి చెక్క తొట్టెలో పడమరకు వాలి ఉంది, అదే టెలిస్కోపు. దాని చుట్టూ తడి గోనెపట్టా చుట్టి ఉంది, ఎండాకాలం కుండకు చుట్టినట్టు.

"ఎవురు? సమ్మతా?" అంది, తల తిప్పకుండానే.

"అవునమ్మా."

"చెప్పులు ఆడనే ఇడిచిరా. దుమ్ము లేస్తాది." తర్వాత చెంబు చేతికిచ్చింది. "తాగు. అద్దం గీకేవాడికైనా దాహం అవుతాది గదా."

అతను తాగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలో తిట్లకు అతను అలవాటు పడ్డాడు గానీ, నీళ్లకు సిద్ధంగా లేడు. కెమెరా చూపించమన్నాడు. పైపు పైకొస దగ్గర, పక్కన బిగించి ఉంది అది. బొటనవేలంత నల్లటి డబ్బా. మూతపడ్డ ఫ్యాక్టరీలో బట్ట మీద దోషాలు పట్టే యంత్రం నుంచి ఊడదీసింది. ఆ జాతి కెమెరాలకు సవరణి ఉండదు. పోగు తెగిన చోట పోగు తెగినట్టే చూపించాలి కాబట్టి వాటికి మినహాయింపు ఇచ్చారు. ఎవరైనా దాన్ని ఆకాశానికి పెడతారని నిబంధనలు రాసినవాళ్లకు తట్టలేదు.

"సవరణి పెట్టించుకోండమ్మా. ఐదు నిమిషాల పని. అద్దం మీ దగ్గరే ఉంటుంది."

"పెట్టుకుంటే ఏం వస్తాది?"

"శని వస్తుంది."

"ఆ శని ఊర్లో ప్రతి ఇంట్లో గోడ మీద ఉండాది. దానికి నేను ఎనిమిది నెలలు కూచోని అద్దం అరగదీయాల్నా? నాలుగేండ్లు దీనెనక తిరగాల్నా?" పట్టా మీద నీళ్లు చిలకరించింది. "మొదటి ఏడంతా కెమెరాలో కొబ్బరిముక్క మాదిరి తెల్లగా వచ్చిందప్పా, ఇంకేం లేదు. సిమెంటు గచ్చు మీద పెట్టినా. గచ్చు పగలంతా ఎండ తాగి పొద్దు మునిగినాక కక్కుతాదని నాకేం తెలుసు. మట్టి మీదికి తెచ్చినా. అద్దం బయటి గాలంత చల్లబడాలని తెలిసేదానికి ఇంకో ఏడు పట్టె. ఇప్పుడిప్పుడే చేతికొచ్చింది. ఇప్పుడొచ్చినావు నువ్వు."

"నేను రాకపోతే ఇంకొకరు వస్తారు."

"అది నాకు తెలీదా? అందుకే నిన్ను తిట్టలేదు."

పొద్దు మునిగింది. రాతిగుట్టల మీద ఎర్రదనం తగ్గుతుండగా పడమట పల్చటి దుమ్ములో ఒక పసుపు చుక్క తేలింది. ఆమె పైపును రెండు చేతులా పట్టుకుని అంగుళంలో సగం తోసింది. మోటారు లేదు. గ్రహం కెమెరా ముందు నుంచి దాటిపోవడానికి నలభై సెకండ్లు. దాటగానే మళ్లీ తోసి ఎదురు చూడాలి. ఒక్కో దాటుకు వెయ్యి ఫొటో ముక్కలు. అందులో గాలి కదలని క్షణాన పడ్డవి ముప్పై ఉంటే ఎక్కువ. ఆ ముప్పైని ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మిగతావి పారేయాలి. ఈ పనంతా ఆమె బట్టల చెకింగ్ భాషలోనే చెప్పింది. మంచి ముక్క, చెడ్డ ముక్క, తిప్పి పంపాల్సిన ముక్క.

"కెమెరా తీసేసి కంటికి చూపిస్తా. చూసినాక గీకుదువులే."

ఆమె డబ్బా ఊడదీసి, ఆ చోట ఒక చిన్న కటకం బిగించింది. బసవరాజు వంగాడు. మొదట చీకటి, తర్వాత తన కనురెప్పల వెంట్రుకలు, తర్వాత ఒక వణికే వెలుగు. వెలుగు నిలబడింది. గోళం. దాని చుట్టూ వలయాలు.

"ఉన్నాయి కదమ్మా," అన్నాడు లేచి. తేలికపడినట్టు ఉంది అతని గొంతు.

"ఏమి?"

"వలయాలు. స్పష్టంగా ఉన్నాయి."

ఓబులమ్మ నవ్వింది. చాలాసేపు నవ్వింది. అందులో వెటకారం తక్కువే. తను కూర్చున్న పీట కోసమే ఇల్లంతా వెతికే మనిషిని చూసి నవ్వినట్టు ఉంది.

"ఎట్ల వాలినాయి? ఉత్తరానికా, దక్షిణానికా?"

అతను ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"గోళానికీ వలయానికీ మధ్య సందు ఎంత ఉండాది? వేలితో చూపి."

అతని వేళ్లు గాల్లో లేచి ఆగిపోయాయి.

"మళ్లీ చూడు. ఈసారి కుడి కన్ను పెట్టు. నీ ఎడమ రెప్ప వాలింది గదా, సగం వెలుతురు అదే తినేస్తాది."

బసవరాజు చెయ్యి దానంతటదే ఎడమ కంటి మీదికి వెళ్లింది. రెప్ప వాలి ఉంది. వేలికొసకు తెలుస్తోంది. బడిలో తనను నిద్రమొగం అని పిలిచేవారని, ఆ పేరు కోసం ఒకణ్ణి కొట్టాడని, దానికి మాస్టరు ఎండలో నిలబెట్టారని వరసగా గుర్తొచ్చాయి. పన్నెండేళ్లుగా ఏ ఫొటోలోనూ ఆ రెప్ప వాలి లేదు. ఫొటోలు సరే. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసుకునే ముఖంలో కూడా రెండు రెప్పలూ సమంగానే కనిపిస్తున్నాయి. ఆ అద్దం మామూలు అద్దమే. దానికి సవరణి లేదు.

సవరణి ఎక్కడ బిగించి ఉందో అతనికి మొదటిసారి అర్థమైంది.

ఆమె నోటుపుస్తకం, పెన్సిల్ తెచ్చిచ్చింది. "చూస్తా గీయి. నీకు తెలిసింది వద్దు. కనపడిందే గీయి. చెకింగ్‌లో కొత్త పిల్లలకి మేం ఇదే చెప్తాంటిమి. ప్యాంటును చూడద్దు, పోగును చూడు అని."

అతను గోళం గీశాడు. కొంచెం పైనుంచి నొక్కినట్టు ఉంది, అలాగే గీశాడు. పెన్సిల్ వలయం కోసం పక్కకు కదిలింది. కన్ను కటకానికి ఆనించాడు. పక్కన చీకటి. మళ్లీ పుస్తకం, మళ్లీ కటకం. చెయ్యి వలయం గీస్తానంటోంది, కన్ను ఇవ్వడం లేదు. చాలాసేపటికి గోళం మధ్య నుంచి అడ్డంగా ఒక సన్నటి నల్లగీత కనిపించింది. వెంట్రుక పడ్డట్టు. అది గీశాడు. ఇంకేమీ లేదు.

ఆమె పుస్తకంలో వెనక్కి పేజీలు తిప్పింది. నాలుగేళ్ల బొమ్మలు, ఆమె గీసినవి. మొదటి పేజీలో వలయాలు తట్టంత తెరుచుకుని ఉన్నాయి. ఏటికేడు సన్నబడ్డాయి. నిరుడు సూదంత. ఈ ఏడు లేవు.

"అవి యాడికీ పోలేదప్పా. పళ్లెం అంచు మనకెల్లి తిరిగింది, అంతే. పద్నాలుగు పదిహేనేండ్లకు ఒకసారి అట్ల తిరుగుతాది అనుకుంటా. ఇంకో నెలకు ఇది పొద్దులో కలిసిపోతాది. మళ్లీ బయటికొచ్చేసరికి తెరుచుకుంటాయి."

ఆ తర్వాతి సంగతి బసవరాజు తనే లెక్క వేసుకున్నాడు. దొంగబొమ్మల కాలంలో ఏది నిజమో తేల్చుకోలేక జనం అలసిపోయాక సమ్మతి అనే ఏర్పాటు వచ్చింది. ప్రతి వస్తువుకూ ఒకే రూపం. వచ్చి పన్నెండేళ్లు. శని రూపం అప్పుడు ఖాయమైంది. ఆ తర్వాత పళ్లెం అంచు తిరగడం ఇదే మొదలు. కొన్ని నెలలకు వలయాలు తెరుచుకుంటాయి, సమ్మతి మెల్లగా నూరుకు చేరుతుంది. అప్పుడు ఈ సాయంత్రం గురించి ఎవరు చెప్పినా అది కంటి జబ్బు అవుతుంది. చెప్పాల్సింది ఇప్పుడే. చెప్పినందువల్ల అయ్యేది కూడా దాదాపు ఏమీ లేదు.

"సవరణి పెట్టనా అమ్మా?" అని అడిగాడు. అది చివరిసారి అడగడం.

"గీకుతే గీకు. కడుపు మండుతాది గానీ ఓర్చుకుంటా. అది మాత్రం పెట్టద్దు."

పలక మీద రెండు గుర్తులున్నాయి, సవరణి అని ఒకటి, గీత అని ఒకటి. వాటి కింద చిన్న అక్షరాల్లో మూడోది ఉంది: పరిశీలకుడి సాక్ష్యం. ఎవరైనా అది నొక్కగా అతను చూడలేదు. నొక్కిన వాడి దృష్టి అర్హత విచారణలో పడుతుందని శిక్షణలో చెప్పారు. అర్హత పోయినవాడి చూపు దేనికీ లెక్కలోకి రాదు. అతను వీధిలో ప్రమాదం చూసినా చూడనట్టే.

నొక్కాడు. తనలో ధైర్యం ఏమీ కనిపించలేదు. పుస్తకంలోని ఆ వెంట్రుకను తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఏం చూశారని అడిగింది పలక. వలయాలు లేవు అని రాశాడు. నిశ్చయం ఎంత శాతం అని అడిగింది. గడిలో నూరు ముందే వేసి ఉంది. ఒప్పుకుంటే చాలు. నూరు వేసి తప్పు చెప్పేవాణ్ణి ఏం చెయ్యాలో సమ్మతికి తెలుసు. అతని కళ్లను దోషం కింద రాసుకుని, ఫైలు మూసేస్తుంది.

బసవరాజు వేలు నూరు మీద ఆగింది. మొదటిసారి వంగినప్పుడు తను వలయాలు చూశాడు. అబద్ధం ఆడలేదు, నిజంగానే చూశాడు. ఎదురుగా ఉన్న గోడంత గట్టిగా కనిపించాయి. ఆ కళ్లే ఇవీ.

నూరు చెరిపి అరవై వేశాడు.

"అరవైయేనా?" అంది ఓబులమ్మ, భుజం మీదుగా తొంగి చూసి.

"మొదట వలయాలు చూశాను కదమ్మా."

ఆమె కొంచెం ఆలోచించింది. "అదీ నిజమే."

పలక అతని పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ చూపించింది. దాని కింద ఒక అంకె వచ్చింది: పదహారు వేల చిల్లర. పదకొండేళ్లలో అతని చూపు ఆధారంగా ఖాయమైన వస్తువులు. శని మీద అరవై అయిన చూపు వాటి మీద నూరు ఎలా అవుతుందో సమ్మతికి తేలలేదు. సున్నా అనడానికి కూడా దానికి కారణం దొరకలేదు. ఆ వస్తువుల బొమ్మలన్నిటినీ నిలిపివేస్తున్నట్టు రాసింది. ఇంకో పరిశీలకుడు బయల్దేరాడు. గంటా పది నిమిషాల్లో వస్తాడు. అతని మొదటి పని అద్దం, తర్వాత మిగతావి. ఉదయానికల్లా పునరుద్ధరణ.

అతను ఆమెకు ఉన్నదున్నట్టు చదివి వినిపించాడు.

"అయితే అద్దం పోయినట్టే."

"పోయినట్టే. మిమ్మల్ని కాపాడలేకపోయాను."

"నన్నెవురు కాపాడమన్నారు?" పడమటికి చూసింది. చుక్క గుట్టకు నాలుగు వేళ్ల పైన ఉంది. "ఇంక నలభై నిమిషాలు ఉండాది. వాడొచ్చేలోపల మునుగుతాది. జరుగు పక్కకి. నీ ఒంటి వేడికి గాలి కదుల్తాది."

"ఆ ముక్కలు దాచే చోటు లేదమ్మా. ఎక్కడ దాచినా పొద్దున్నకి సరిచేస్తారు."

"తెలుసు," అంటూ ఆమె కెమెరా మళ్లీ బిగించింది.

అతను వెనక్కి నడిచి ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డాడు. వీధిలో ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంటోంది. లోపలి గోడల మీద బొమ్మలుండే చోట్లు బూడిద రంగుకు మారుతున్నాయి. ఎవరో టీవీవాణ్ణి తిట్టారు. ఎవరో కరెంటు ఆఫీసుకు ఫోను చెయ్యమన్నారు. పక్కింటి ఆవిడ, అరవై ఏళ్లుంటాయి, అతని చొక్కా మీది గుర్తు చూసి గోడ దగ్గరికి వచ్చింది.

"సార్, మా ఇంటాయన ఫొటో పోయింది. పోయినేడు కాలం చేసినాడు. అది ఒక్కటే ఉండె. వస్తాదా?"

"పొద్దున్నకి వస్తుందమ్మా."

"అదే వస్తాదా?"

పదకొండేళ్లలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

"ఆయన ముఖం ఎట్లా ఉండేది?" అని అడిగాడు.

"ఎట్లుండేదేంది సార్, ఆయన ముఖం..." ఆమె చెయ్యి లేచి తన చెంప దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. పెదవులు కదిలాయి. కళ్లు అతన్ని దాటి, పెరటిని దాటి ఎక్కడో వెతికాయి.

"ఎవురూ మాట్లాడద్దండి," అంది ఓబులమ్మ మెల్లగా, పైపు మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "గాలి నిలబడింది."

గోడకు అవతల పక్కింటి ఆవిడ చెంప మీద చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడి ఉంది.