ప్యాకెట్ మీద చెల్లెలు

కూరగాయలను గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్మే ఫ్యాక్టరీ అది. పొద్దున్నుంచీ బఠాణీ గింజలు గలగలమంటూ బల్లల మీదికి జారుతూనే ఉంటాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్క బల్లల దగ్గర నిలబడి పనిచేసేవాళ్ళు. చెల్లెలిని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. దాని నోటికి మూత ఉండేది కాదు. బఠాణీలతో కూడా మాట్లాడేది. "ఒసేయ్, నువ్వు పుచ్చు, అవతలికి పో" అంటూ ఏరి పారేసేది. అక్క నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేది.

ఒకరోజు ఆఫీసువాళ్ళు బల్లలపైన కెమెరాలు బిగించారు. ప్రతి ప్యాకెట్ మీదా నల్లగళ్ళ కోడ్ ఒకటి అచ్చేశారు. కొన్నవాళ్ళు దానిమీద ఫోను పెడితే చాలు, ఆ కూరగాయ ఏ పొలంలో పండింది, ఏ రోజు కట్టారు, ఎవరు కట్టారు, అన్నీ వస్తాయి. కట్టిన మనిషి ముద్దుపేరుతో సహా చిన్న వీడియోలో కనిపిస్తుంది. మాట వినిపించదు, బొమ్మ మాత్రమే.

"కొనేవాళ్ళకు నమ్మకం కలగాలి కదమ్మా" అన్నాడు మేనేజరు.

మీ ముఖాలు లోకమంతా పంచుతున్నాం, మీకిష్టమేనా అని మాత్రం ఎవరూ అడగలేదు. పిచ్చుక నవ్వుముఖానికి గిరాకీ బాగా పెరిగింది. ఒక్క కెమెరా చాలదన్నారు. చలిగదిలో ఉన్నదాన్ని ఊడదీసి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు.

చలిగది తలుపు తనంతట తానే మూసుకుంటుంది. లోపలి కెమెరాలో మనిషి కనిపించకపోతే, ఎవరూ లేరనుకుని కంప్యూటరు తాళం కూడా వేసేస్తుంది. కన్ను పీకేసిన గదిలో మనిషి ఉన్నదీ లేనిదీ దానికేం తెలుస్తుంది? అక్క సెలవు పెట్టిన ఒక శనివారం, పిచ్చుక పెట్టెలు సర్దడానికి ఆ గదిలోకి వెళ్ళింది. ఆదివారమంతా అక్కా, పిచ్చుక మొగుడూ ఊరు గాలించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బతిమాలారు. కాపలావాడు తెర చూసి, "లోపల ఎవరూ లేరు. ఇదిగో, కంప్యూటరే చెబుతోంది" అన్నాడు.

సోమవారం పొద్దున తలుపు తీశారు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మరిది, అదే పిచ్చుక మొగుడు, అక్క ఇంటికొచ్చాడు. అదే ఫ్యాక్టరీలో లారీ డ్రైవరు అతను. మనిషి సగానికి సగం అయిపోయాడు. చేతిలో బఠాణీల ప్యాకెట్.

"వదినా, తేదీ చూడు. మొన్న కట్టింది."

ఫోను పెట్టాడు. తెర మీద పిచ్చుక. నీలం టోపీలో, నవ్వుతూ.

"పాత వీడియో అయ్యుంటుంది నాయనా. తీసెయ్యమని చెబుతాను."

"పాతదైతే వెనకాల ఆ కొత్త మిషను ఎలా ఉంది వదినా? అది పోయిన వారమేగా దింపాను నేను." గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఫ్రిజ్ నిండా ఇవే. తినడానికి కాదు... చూసుకుందామని."

మర్నాడు అక్క ఆఫీసులో కంప్యూటరు చూసుకునే ఆయన దగ్గరికెళ్ళింది.

"మా దగ్గరున్నవన్నీ ఎప్పుడో తీసేశామమ్మా. కానీ అప్పటికే దుకాణాలకిచ్చాం, ప్రకటనల వాళ్ళకిచ్చాం, వంటల యాప్‌లకిచ్చాం. వాళ్ళు ఇంకెవరికిచ్చారో మాకే తెలీదు. ఇక అది వెనక్కి రాదు."

"అది నా చెల్లెలండీ. సరుకు కాదు."

ఆయన తల దించుకున్నాడు. చుట్టూ చూసి గుసగుసగా అన్నాడు. "కొత్తవి కూడా వస్తున్నాయమ్మా. ఏ కెమెరా తీస్తోందో అంతుచిక్కడంలేదు."

ఆ కొత్తవి అక్క చూసింది. వాటిలో బల్ల లేదు. తెల్లటి గోడలు. వరసగా పెట్టెలు. పిచ్చుక కనురెప్పల మీద మంచు. అది చలిగది... కెమెరా లేని గది. పిచ్చుక పెదవులు కదులుతున్నాయి. మళ్ళీ మళ్ళీ ఒకటే మాట. ఆ నోటి కదలికలు పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషి అక్క. 'తలుపు తియ్యవే.'

ఇంక ఆగలేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళాక, చలిగది తలుపు మూసుకోకుండా మరిది దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అక్క లోపలికి అడుగుపెట్టింది.

చలి ముక్కుపుటాల్లోకి సూదుల్లా దిగింది. అట్టపెట్టెల వాసన, ఇనుము వాసన, వాటి కింద పచ్చి బఠాణీల వాసన. ఎక్కడో ఫ్యాను మూలుగుతోంది. అడుగు తీసి అడుగు వేస్తే కాళ్ళ కింద మంచు కరకరమంది. ఆమె ఆగింది. కరకర మాత్రం ఆగలేదు.

"పిచ్చుకా..."

ఫ్యాను ఆగిపోయింది.

"అక్కా..."

పెట్టెల వెనకనుంచి. సన్నగా. అలిసిపోయిన గొంతు.

"ఎక్కడున్నావే?"

"వేళ్ళు పనిచెయ్యట్లేదే..."

దీపం ఆరిపోయింది.

వెనక తలుపు గుర్రుమంది. "వదినా, వచ్చెయ్! తలుపు పక్కన తెర మీద లోపల ఎవరూ లేరంటోంది!" మరిది అరుస్తున్నాడు. "ఆపలేకపోతున్నాను... తోసేస్తోంది!"

అక్క చీకట్లోకి చెయ్యి చాపింది. ఏదో తగిలింది. వేళ్ళు. అవి ఆమె వేలిని చుట్టుకున్నాయి. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టే, చూపుడువేలు ఒక్కటే గట్టిగా...

లాగింది. ఎంత లాగినా కొండను లాగినట్టే ఉంది.

మరిది ఒక చెయ్యి లోపలికి చాపి ఆమె కొంగు పట్టి బయటికి ఈడ్చాడు. తలుపు పడింది. ఇద్దరూ పిడికిళ్ళు పగిలేలా బాదారు. కాపలావాడు వచ్చి తాళం తీసేసరికి దీపం వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. పెట్టెలు తప్ప ఏమీ లేవు. చీకట్లో వదిలేసిన చెయ్యి కోసం అక్క అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆమె పని మానేసింది. ప్యాకెట్లు మాత్రం ఆగలేదు. రోజూ లారీల కొద్దీ ఊరూరికీ వెళ్తూనే ఉన్నాయి. ఎవరెవరిని ఆపుతుంది? ఎన్ని తలుపులు కొడుతుంది?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడింది. ఎండకి తారురోడ్డు మెత్తబడుతోంది. ఎవరో ముక్కూమొహం తెలియని చిన్నపిల్ల పరుగున వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"నువ్వు పిచ్చుక పిన్ని వాళ్ళక్కవి కదూ?"

వెనకే వాళ్ళమ్మ నవ్వుతూ వచ్చింది. "ఏమీ అనుకోకండి. ఆ ప్యాకెట్ వీడియో పెడితేగాని అన్నం ముట్టదు. ఆవిడతో గంటలకొద్దీ కబుర్లు."

"దాంట్లో మాట వినిపించదు కదండీ..."

"నేనూ అదే అంటాను."

పిల్ల అక్కను వంగమని సైగచేసి, చెవిలో గుసగుసలాడింది. "ఏడవకు పెద్దమ్మా. తలుపు నేను తీశాలే."

బస్సొచ్చింది. తల్లి పిలిచింది. వెళ్తూ వెళ్తూ పిల్ల అక్క చూపుడువేలు ఒక్కటే గట్టిగా పట్టుకుని వదిలింది. అదే పట్టు. అదే చలి. అక్క కేకవేసేలోపే బస్సు కదిలింది.

పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. నిప్పులు చెరిగే ఆ ఎండలో, ఆ లేతగోళ్ళ సందున తెల్లగా పేరుకున్న మంచు... కరగడంలేదు.