మంచులో మాయమైన గొలుసులు

తరానె డిక్కీ తెరిచేసరికి, మంచు దారిలో టైర్లకు చుట్టే ఇనప గొలుసులు మాయమయ్యాయి. ఖాళీ సంచి మాత్రం మిగిలింది.

తెల్లారేదాకా షెమ్షక్ కొండ మీద మంచు కురుస్తూనే ఉంది. గొలుసులు లేని కారును కింద పోలీసులు వదలరు. తరానె వాళ్లేమో సాయంత్రానికి ఇస్ఫహాన్ చేరాలి.

"స్కీలు వదిలేసి గొలుసులు ఎత్తుకుపోయే దొంగ ఎవడే?" అంది తల్లి నాహీద్.

"కాలం మారింది" అన్నాడు తండ్రి మన్సూర్, వరండాలో టీ తాగుతూ.

తరానె అనుమానం ఒక్కడి మీదే. పక్క కాటేజీలో దిగిన సెపెహర్. పొద్దున అతను తమ కారు మీది మంచు తుడుస్తుంటే కిటికీలోంచి చూసింది. అతను తలెత్తగానే పరదా వేసేసింది.

శిఖరం మీదికి మోసుకెళ్లే స్కీ లిఫ్ట్ దగ్గర దొరికాడు.

"గొలుసులు ఇచ్చెయ్."

"నేను తియ్యలేదు."

"నటించకు. నీకు రాదు."

"నిజం, తరానె. నువ్వు వెళ్లిపోకుండా తియ్యాలనిపించింది. మీ నాన్న రెండుసార్లు కాదన్నాక ఏ మొహం పెట్టుకుని తియ్యను?"

రాత్రి భోజనాల దగ్గర సెపెహర్ తల్లి ఫరీదె నోరు తెరిచి అడిగింది, పిల్లని మా ఇంటికి ఇవ్వండని. "మా అమ్మాయికి అన్నం వండడం కూడా రాదండీ" అన్నాడు మన్సూర్. ఆవిడ మళ్లీ అడిగింది. "మీతో తూగేవాళ్లమా మేము?" అన్నాడు. మర్యాద తెలిసిన ఇరానీ ఇంట్లో మొదటి రెండు 'కాదు'లూ లెక్కలోకి రావు. టీ ఇచ్చినా అంతే, పిల్లని అడిగినా అంతే. అసలు జవాబు మూడోసారికి వస్తుంది. కానీ ఫరీదె మొహం చిన్నబోయింది. ఈ ఏడు మంచు బాగా పడిందంటూ మాట మార్చేసింది.

"మీ అమ్మ ఇంకోసారి అడగాల్సింది" అంది తరానె.

"మీ నాన్నని ఇబ్బంది పెట్టకూడదనుకుంది."

"మరి నువ్వు? ఆ శిఖరం మీంచి స్కీల మీద బాణంలా దిగుతావు. నోరు మాత్రం పెగలదు."

"శిఖరం కాదనదు కదా."

నవ్వు వచ్చింది ఆమెకి. నవ్వితే ఏడుపొస్తుందని ఆపుకుంది.

"వచ్చే చలికాలం నేను రాను. బుషెహర్‌లో ఉద్యోగం. అక్కడ సముద్రమే, మంచు ఉండదు" అంది.

ఇద్దరూ కలిసేది ఏటా ఈ కొండ మీదే. మిగతా ఏడాదంతా సెపెహర్ టెహరాన్‌లో టీవీ ముందు కూర్చుని, ఇక్కడ మంచు పడిందన్న వార్త కోసం ఎదురుచూస్తాడు. ఆ మాట ఎప్పుడూ ఆమెతో అనలేదు. ఆమె కనురెప్ప మీద వాలిన మంచు రేకు కరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"నాకు ఈత రాదు" అన్నాడు చివరికి.

"అయితే?"

"నేర్చుకుంటా. ముందు మీ నాన్న దగ్గరికి పద."

వరండాలో రెండు కుటుంబాలూ గొలుసుల గురించే తర్జనభర్జన పడుతున్నాయి. సెపెహర్ టోపీ తీసి మన్సూర్ ఎదుట నిలబడ్డాడు.

"అంకుల్, గొలుసులు నేను తియ్యలేదు. కానీ రాత్రి మా అమ్మ వదిలేసిన మాట నేను అడుగుతున్నాను. తరానెని నాకివ్వండి."

"ఒరేయ్" అంటూ ఫరీదె కొడుకు చెయ్యి లాగింది. తరానె స్తంభం చాటుకు జరిగింది.

మన్సూర్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేక కొండ వైపు తిరిగాడు.

"గొలుసులు నా మంచం కింద ఉన్నాయి ఫరీదె గారూ. నేనే తీశాను. రాత్రి రెండుసార్లు కాదన్నాక, ఈసారి సరే అందామని గొంతు సవరించుకుని కూర్చున్నాను. మీరేమో మంచు గురించి ఎత్తుకున్నారు. నా కూతురు ముద్ద ముట్టలేదు. ఆడపిల్ల తండ్రిని, నా అంతట నేను ఆ మాట ఎలా కదపను? ఇంకో పూట ఇక్కడ చిక్కుకుపోతే మీరే అడుగుతారనుకున్నాను."